మా రోజుల్లో గుట్టకి గేటు లేదు

కొండెక్కడానికి కూడా ముందుగా డబ్బు కట్టి పేరు రాయించుకునే రోజులొచ్చాయి. డబ్బు కడితే ఒక టీషర్టు, ఒక మంచినీళ్ళ సీసా, రెండు అరటిపళ్ళు, ముందు నడవడానికి ఒక కుర్రాడు. ఆ కుర్రాడికి దారి తెలుసా అంటే, వాడి ఫోనుకి తెలుసు. మా రహమత్ నగర్ కుర్రకారంతా శనివారం రాత్రి వీపుసంచులు సర్దుకుని, ఆదివారం తెల్లారకముందే వికారాబాద్ అనంతగిరి అంటూ పరుగు. వెళ్ళండి నాయనా, కాళ్ళున్నది నడవడానికే, కాదనను. కానీ మీరు రోజూ పడుకుని లేచేదే గుట్ట మీద. ఆ సంగతి మీలో ఎందరికి పట్టింది?

ఎస్పీఆర్ హిల్స్ అంటారు, జూబ్లీహిల్స్ అంటారు, బంజారాహిల్స్ అంటారు. నోరు తిరిగినట్టే అనేస్తారు. మా వీధి చివర ఆటో ఎందుకు మూలుగుతూ ఎక్కుతుందో, వానొస్తే నీళ్ళు యూసఫ్‌గూడ వైపు ఎందుకు దూకుతాయో ఎవడూ ఆలోచించడు. కింద బండ ఉంది కనక. ఆ బండ మీద మెట్లు కట్టి, మెట్ల మీద గోడ కట్టి, గోడ మీద అంతస్తులు లేపాం. కొండ పోలేదు, మన మంచాల కింద ఉంది.

మద్రాసు నుంచి సినిమా ఇటు కదులుతున్న రోజుల్లో నేనూ ఒక ట్రంకు పెట్టెతో దిగాను. ప్రొడక్షన్లో పని. పని అంటే పెద్దదేమీ కాదు, యూనిట్‌కి టిఫిన్లు అందాయా, లైట్లు వచ్చాయా, రేపటి లొకేషన్ చూసొచ్చావా, అంతే. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు 22 ఎకరాల రాళ్ళలో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలుపెడితే, ఈ రాళ్ళ మధ్య ఫ్లోర్లేమిటి, ఇక్కడికి ఎవరొస్తారు అని నవ్వినవాళ్ళు ఉన్నారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల గజం ధర వింటే వాళ్ళకి నవ్వు రాదు. కృష్ణానగర్ నుంచి స్టూడియోకి మేం నడిచే వెళ్ళేవాళ్ళం. రోడ్డు చుట్టూ తిరిగి వెళ్తుంది, మేం గుట్ట మీంచి అడ్డంగా పడేవాళ్ళం. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, మేకప్ పెట్టె మోసే కుర్రాళ్ళు, అందరిదీ అదే బాట. పొద్దున మేకప్ లేని మొహాలతో ఎక్కేవాళ్ళు, రాత్రి చెరపని రంగుతో దిగేవాళ్ళు. ఒక్కొక్కరికి ఒక్కొక్క గుర్తు. ఒకడికి చీలిన బండ దగ్గర కుడికి, ఇంకొకడికి రెండు సీతాఫలం పొదల నడుమ ఎడమకి. బోర్డుల్లేవు. తెలియకపోతే ఎదురొచ్చిన మేకలకాపరిని అడగడమే. ఆయన దారి చెప్పి, ఏ పిక్చరు, హీరో ఎవరు అని మనల్ని రెండు అడిగేవాడు. ఆ మాటలకి పావుగంట. ఆలస్యానికి మేనేజరు తిట్టేవాడు, అది వేరు.

బాటలు పుట్టేది అలాగే అబ్బాయ్. పనున్న పాదాలు రోజూ నడిస్తే గడ్డి వెనక్కి తగ్గుతుంది. కట్టెలకి వెళ్ళే ఆడవాళ్ళు, మేకలు తోలేవాళ్ళు, రాయి కొట్టేవాళ్ళు, వాళ్ళ వెనక మేం. మీరు ఇప్పుడు ట్రెయిల్ అంటూ నెత్తిన పెట్టుకునేదంతా ఎవరో పొట్టకోసం వేసిన దారే. ఆ మనిషిని మాత్రం ఒక్కడూ పలకరించడు.

రాయి కొట్టడం ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ఎక్కడ చూస్తారు, మీకు రాయంటే టైల్స్ కొట్లో నిగనిగలాడే పలక. అప్పట్లో వడ్డెర కుటుంబాలు గుడిసెలు వేసుకుని గుట్ట పక్కనే ఉండేవి. పెద్దాయన ముందు బండని అరచేత్తో తడిమేవాడు. తర్వాత సుత్తితో అక్కడా ఇక్కడా తట్టి వినేవాడు. వాటం దొరికాక ఉలితో వరసగా జానెడేసి దూరంలో గుంటలు తీసి, ఒక్కో గుంటలో ఇనుప చీల దిగ్గొట్టేవాడు. అప్పుడు సమ్మెట. ఒకే చీల మీద మోదడు. ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కో దెబ్బ, మళ్ళీ మొదటి నుంచి ఒక్కో దెబ్బ. మొదట ఖంగుమని మోగిన చీల కాసేపటికి బొంగురు పోతుంది. ఆ మార్పు వినగానే ఆయన సమ్మెట దించి, ఇంట్లోవాళ్ళని పక్కకి తప్పుకోమనేవాడు. తర్వాత చూస్తే చీలల వరస వెంట వెంట్రుకంత గీత. ఇంకో రెండు దెబ్బలకి ఏనుగంత బండ దారం పట్టి కోసినట్టు రెండయ్యేది. మా రహమత్ నగర్ పునాదుల్లో ఉన్నది అలాంటి రాళ్ళే. ఆ వృత్తి మీద నాకు ఫిర్యాదు లేదు. చేత్తో కొట్టేవాడు తన పొట్టకి సరిపడా కొట్టాడు. తర్వాత వచ్చిన మందుగుండూ, ప్రొక్లెయినర్లూ గుట్టనే మింగేశాయి.

ఆ రాళ్ళ వయసు ఎంతనుకున్నారు? దాదాపు 250 కోట్ల ఏళ్ళు. హిమాలయాలు వాటి ముందు పసిపిల్లలు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు నిలబడిన ఆ గుండ్లని ఎవరూ పేర్చలేదు. నేల అడుగున ఉండగానే గ్రానైటు నిలువుగా, అడ్డంగా పగుళ్ళిస్తుంది. పగుళ్ళలోకి వాన నీరు దిగి అంచుల్ని మెల్లగా తినేస్తుంది, మూలలు గుండ్రమవుతాయి. పైనున్న మెత్తని మట్టి లక్షల ఏళ్ళలో కొట్టుకుపోతే గుండ్లు బయటపడతాయి. అన్నేళ్ళు పట్టిన పని కాలనీ ప్లానులో ఒక్క మధ్యాహ్నం. చదును చేశాక దానికి మళ్ళీ రాక్ గార్డెన్ అని పేరు పెట్టి సిమెంటు రాళ్ళు తెచ్చి పెట్టినవాళ్ళని చూశాను. చూసి ఇంటికొచ్చి ఆ పూట అన్నం సరిగా తినలేదు.

సీతాఫలాల సంగతి చెప్పలేదు కదూ. దసరాకీ దీపావళికీ మధ్య ఈ గుట్టల నిండా అవే. కొనడమేమిటి! కాయ కళ్ళు విచ్చుకుని, సందుల్లో పసుపుపచ్చని గీత కనిపిస్తే తెంపాలి. గట్టిగా ఉన్నప్పుడే తెంపి, గోనెసంచిలో ఎండుగడ్డి పరిచి మాగవేస్తే మూడో నాటికి గది గదంతా వాసన. కళ్ళు విచ్చుకోని కాయ తెంపితే ఎన్నాళ్ళుంచినా నల్లబడి రాయి అవుతుంది తప్ప పండదు. ఇప్పుడు అదే పండు గింజలు తీసి, గుజ్జు ఐస్‌క్రీములో కలిపి, కప్పుకింత అని పుచ్చుకుంటున్నారు. తినండి, బాగానే ఉంటుంది. కానీ నోట్లోంచి గింజ దూరంగా ఎవడు ఉమ్ముతాడో పందెం వేసుకునే భాగ్యం ఆ కప్పులో లేదు.

సరే, కేబీఆర్ పార్కు. మీ లెక్కలో అది వాకింగ్ ట్రాక్. మా రోజుల్లో అది చిరాన్ ప్యాలెస్ తోట, నిజాం వారసులది, లోపలికి మాలాంటివాళ్ళకి ప్రవేశం లేదు. 1998లో సుమారు 350 ఎకరాలు నేషనల్ పార్కు చేసి, కాసు బ్రహ్మానందరెడ్డిగారి పేరు పెట్టారు. బయట చుట్టూ నడిస్తే దాదాపు ఆరు కిలోమీటర్లు. లోపల నెమళ్ళు, ముళ్ళపందులు, అవే సీతాఫలాలు, అవే బండలు. గుట్టకి గేటేమిటి, టికెట్టేమిటి అని నేను గొణుగుతూనే ఉంటాను. కానీ న్యాయం చెప్పాలి. ఆ గోడా, ఆ గేటూ లేకపోతే ఆ 350 ఎకరాల్లో ఇవాళ ఒక్క నెమలి కూత వినబడేది కాదు, అన్నీ పోర్టికోలే ఉండేవి. చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొడతారంటే 2016లో పొద్దున్నే నడిచేవాళ్ళు వచ్చి రోడ్డున నిలబడ్డారు. వాళ్ళలో ఎక్కువమంది మీ వయసువాళ్ళే. అదొక్కటి మీ ఖాతాలో రాసుకోండి.

మరి అక్కడ నడిచే తీరు? చెవిలో గుబిలి లాంటిది ఒకటి పెట్టుకుని, గాలితో వ్యాపారం మాట్లాడుతూ, మణికట్టు చూసుకుంటూ! పదివేల అడుగులయ్యాయా లేదా అన్నదే ధ్యాస. ఎదురుగా నెమలి తోక ఈడ్చుకుంటూ దాటుతుంటే ఆగరు, ఆగితే అంకె తగ్గుతుందట. రేల పూసిందా, మోదుగ పూసిందా అంటే తెల్లమొహం. మేం అడుగులు లెక్కపెట్టలేదు. ఎక్కడెక్కడ కూర్చున్నామో చెప్పగలం.

ఖాజాగూడ గుట్టలకి కూడా వెళ్తున్నారట, సూర్యోదయం చూడ్డానికి. మంచిదే. అక్కడ ఒకే గుట్ట మీద బాబా ఫక్రుద్దీన్ ఔలియా దర్గా ఉంది, అనంతపద్మనాభస్వామి గుడీ ఉంది. గుహలున్నాయి. నిలువెత్తు గుండ్ల సందుల్లోంచి ఒళ్ళు పక్కకి తిప్పి దూరాలి. మా రోజుల్లో అక్కణ్ణుంచి చూస్తే కనుచూపు మేర రాళ్ళూ, చెరువూ. ఇప్పుడు అద్దాల మేడలు నాలుగు వైపులా నిలబడి మన మొహాలే మనకి చూపిస్తున్నాయి. అక్కడ మిగిలిన ఆ కాస్త రాయి కోసం 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ అని కొందరు పట్టు వదలకుండా తిరుగుతున్నారు, జనాన్ని రాళ్ళ మధ్యకి నడిపించి చూపిస్తున్నారు. వాళ్ళతో ఒకసారి వెళ్ళండి. 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదకి యంత్రాలు వస్తే సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు అడ్డుపడ్డారు, సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపించింది. ఆ పిల్లలు ఆ బండల మధ్య నడిచినవాళ్ళు, అందుకే కదిలారు. నడవని నేల కోసం ఎవడూ గొంతెత్తడు.

ఇప్పుడు అనంతగిరికి వద్దాం. వికారాబాద్‌కి మేం రైల్లో వెళ్ళేవాళ్ళం. బేగంపేటలోనో లింగంపల్లిలోనో ఎక్కితే శంకర్‌పల్లి మీదుగా మెల్లగా తీసుకెళ్ళేది. ఎదురొచ్చే బండి కోసం ఆగినప్పుడల్లా పల్లీలవాడు ఎక్కేవాడు. దిగాక ఐదారు కిలోమీటర్లు, ఎక్కువ భాగం ఎక్కుడే. యూనిట్ వ్యాన్‌లో సామాను వెళ్ళేది, మేం వెనక నడిచేవాళ్ళం. లైట్‌బాయ్‌లు రిఫ్లెక్టర్లు నెత్తిన పెట్టుకుని ఎక్కుతుంటే అడవంతా మెరుస్తుండేది. నిజాం కాలం నుంచీ అక్కడ టీబీ రోగులకి శానిటోరియం ఉండేది. మా ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రిలో మందులు రాసే రోజుల్లోనే, అనంతగిరి గాలి పీల్చు అని కూడా డాక్టర్లు చెప్పేవారు. ఆ గాలిని మందుగా పుచ్చుకోవడానికి వెళ్ళేవారు మనుషులు. దుప్పటి కప్పుకుని చెట్టుకింద కూర్చున్న ముసలాయన, షూటింగు చూస్తూ తన దగ్గుని తనే అదుముకునేవాడు, సౌండుకి అడ్డం రాకూడదని. ఆ కొండమీద ఎలా మసలాలో ఆయనకి తెలుసు. రాత్రి పన్నెండింటికి డప్పుల పెట్టె పెట్టి ఎగిరే రిసార్టులకి తెలియదు.

అవును, రిసార్టులు. గుడారాలట, మంటలట, డీజేలట, తెల్లారి ట్రెక్కట. రాత్రంతా నిద్రలేని కళ్ళతో తెల్లారి ఎక్కి, ఒక ఫోటో దిగి, చిప్స్ పొట్లం కోతికిచ్చి, సీసా అక్కడే వదిలి దిగుతారు. కోతి ఇప్పుడు పళ్ళచెట్టు ఎక్కడం మానేసి రోడ్డు పక్కన కార్ల కోసం కూర్చుంటోంది. దాన్ని బిచ్చగాణ్ణి చేసింది మనమే.

ఆ కొండలో మీరు చూడాల్సింది చెబుతాను, వినండి. అనంతపద్మనాభస్వామి గుడి దగ్గర మెట్లు దిగితే చెట్ల నీడలో కోనేరు. అక్కణ్ణుంచి అడవిలోకి బాట. ముచుకుందుడనే రాజు ఇక్కడి గుహలో నిద్రపోయాడనీ, నిద్ర చెడగొట్టిన కాలయవనుడు ఆయన చూపుకి బూడిదయ్యాడనీ, కృష్ణుడి పాదాలు కడిగిన నీరే ఏరై పారిందనీ చెప్తారు. ఆ ఏరే ముచుకుందా నది, మన మూసీ. హైదరాబాదులో ముక్కు మూసుకుని దాటే ఆ మూసీ పుట్టింది ఈ కొండల్లోనే. ఇక్కణ్ణుంచి దాదాపు 240 కిలోమీటర్లు పోయి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908లో అదే ఏరు పొంగి నగరాన్ని ముంచితే, మళ్ళీ అలా జరక్కుండా కట్టిన ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట, 1920లో పూర్తయింది. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు వదలడని ఒక మాట ఉండేది. ఆ నీళ్ళ పుట్టిల్లు చూస్తున్నామని తెలిసి నడిస్తే, చేతిలోని ప్లాస్టిక్ సీసా అక్కడ వదలడానికి చెయ్యి రాదు.

ఆ చుట్టుపక్కలే దామగుండం అడవి ఉంది. నౌకాదళం రాడార్ కేంద్రానికి సుమారు 2,900 ఎకరాలు ఇచ్చి, 2024 అక్టోబరులో శంకుస్థాపన చేశారు. దేశరక్షణ పని, అవసరమే అంటారు పెద్దలు. అవసరం లేదనేంత చదువు నాకు లేదు. కానీ మూసీకి నీళ్ళందించే అడవి ఎకరాల లెక్కన పోతుంటే, దేశమంటే ఆ నీళ్ళు కూడా కదా అని నా గొంతు పూడుకుపోతుంది.

రాయలసీమ వైపు ఔట్‌డోర్ పడితే మదనపల్లె దగ్గర హార్స్‌లీ కొండలకి వెళ్ళేవాళ్ళం. స్థానికులకి అది ఏనుగు మల్లమ్మ కొండ. 1870 ప్రాంతంలో కడప కలెక్టరు హార్స్‌లీ ఎండ తట్టుకోలేక అక్కడ బంగళా కట్టుకున్నాడు. నీలగిరి చెట్ల మధ్య నడిచి గాలిబండ మీదకి చేరితే గాలి మనిషిని నిలబడనివ్వదు, నడుం వంచి బండని పట్టుకోవాలి. ప్యాకప్ అయ్యాక కెమెరామన్ దగ్గర్నుంచి టీ కుర్రాడి దాకా అందరం ఆ బండ మీద వరసగా కూర్చునేవాళ్ళం. అక్కడ ఎవరి హోదా వాళ్ళకి గుర్తుండేది కాదు.

ఇంత తిట్టాను కదా, మీ రోజుల్లో మంచే లేదా అంటారేమో. ఉంది. మా రోజుల్లో ఆడపిల్ల ఒంటరిగా గుట్టెక్కితే ఊరంతా పంచాయతీ. నెత్తిన కట్టెలమోపు ఉంటేనే ఆడమనిషికి అడవిలో నడిచే హక్కు. ఇప్పుడు మా వీధి ఆడపిల్లలు నలుగురు కలిసి బూట్లు వేసుకుని, పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి ఎండకి కమిలిన మొహాలతో నవ్వుతూ వస్తున్నారు. ఆ నవ్వు చూస్తే మీ రోజులే నయమనిపిస్తుంది. ఆ బూట్లూ మంచివే. మా హవాయి చెప్పులు తడిబండ మీద జారి ఎందరి మోకాళ్ళు పగిలాయో!

కాబట్టి వెళ్ళండి. వానలు పడ్డ తర్వాత, శ్రావణం నుంచి సంక్రాంతి లోపు వెళ్ళండి, వైశాఖపు ఎండలో బండ మీద అడుగు పెట్టకండి. ఆదివారం కాకుండా మామూలు రోజున, కారు వదిలి రైలెక్కండి. నిండు చేతుల చొక్కా, చేతికర్ర, ఇంటి నుంచి పులిహోర, రెండు సీసాల నీళ్ళు. సీసాలు తిరిగి ఇంటికి రావాలి. పాట పెట్టకండి. ఫోను జేబులో ఉండనివ్వండి, దారి తప్పితే పనికొస్తుంది. ముందు మాత్రం ఎదురొచ్చిన మేకలకాపరిని, కట్టెలు తెచ్చే పెద్దమ్మని, గుడి పూజారిని అడగండి. అమ్మా, ఈ బాట ఎటు పోతుంది, ఈ చెట్టు పేరేంటి, ఈ వాగులో నీళ్ళు ఎన్నాళ్ళుంటాయి అని అడగండి. చెప్తారు. వాళ్ళు పోయాక చెప్పేవాళ్ళుండరు.

అంతకంటే ముందు, మీ ఇంటి గుమ్మం ముందున్న గుట్ట ఒకసారి నడిచి చూడండి. రహమత్ నగర్ మెట్ల సందుల్లో పైదాకా ఎక్కి, గోడల మధ్య ఇంకా ఎక్కడైనా బండ మిగిలి ఉందేమో వెతకండి. కనిపిస్తే దాన్ని కాపాడుకునే పని మీది. మా తరం కాపాడలేదు, ఇళ్ళు కట్టుకుంది. మీరు నడవడం మానేస్తే మిగిలింది కూడా ప్లాట్లయిపోతుంది.